ఇంజిన్ దెబ్బతిన్న కారు చవగ్గా వస్తోంది, కొనొచ్చా?

ప్రశ్న: పదేళ్ల పెట్రోల్ కారు ఒకటి చూశాను. బాడీ, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. దారిలో ఒకసారి బాగా వేడెక్కి ఆగిపోయిందట. "హెడ్ గ్యాస్కెట్ పోయిందంతే, చిన్న పని" అంటున్నాడు అమ్మే ఆయన. మంచి కండిషన్‌లో ఉంటే పలికే ధరలో మూడో వంతుకి ఇస్తానంటున్నాడు. తీసుకుని బాగు చేయించుకోవచ్చా, వదిలేయడం మంచిదా?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇంజిన్ మొత్తం మార్చాల్సి వచ్చినా మీకు గిట్టుబాటయ్యే ధరకి వస్తే కొనండి. గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ, కింది భాగమైన బ్లాకుకీ మధ్య ఉండే సన్నని సీలు) పనితో సరిపోతుందన్న ధైర్యంతో మాత్రం కొనకండి. విప్పాక నిజంగానే గ్యాస్కెట్‌తో సరిపోయిందనుకోండి, మిగిలిన డబ్బు మీ అదృష్టం. ఆ అదృష్టాన్ని ముందే లెక్కలో వేసుకుని బేరం కుదుర్చుకున్నవాళ్లే మా షెడ్డుకి బండిని తాడు కట్టి లాక్కొస్తుంటారు.

నేను చేసేది ఇంజిన్ పని. "గ్యాస్కెట్ పోయిందంతే" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అది అబద్ధమే కానక్కర్లేదు. ఎవరో మెకానిక్ బానెట్ ఎత్తి చూసి చెప్పిన మాటనే ఆయన మీకు చెబుతుండొచ్చు. అయితే హెడ్ విప్పకుండా చెప్పేదంతా అంచనాయే. అదీగాక, నిజంగా చిన్న పనే అయితే బాగు చేయించి మంచి ధరకి అమ్ముకోవచ్చు కదా, ఎందుకు వదులుకుంటున్నాడు? డబ్బు అవసరం, తీరిక లేకపోవడం, ఇప్పటికే ఇంకో బండి కొనేయడం లాంటి మామూలు కారణాలు ఉండొచ్చు. లేదంటే ఎక్కడో హెడ్ విప్పించి, ఖర్చు ఎంతో విని, మళ్లీ అలాగే బిగించేసి ఉండొచ్చు. హెడ్డు మీద, వాల్వ్ కవర్ మీద బోల్టు తలలకి తాజా పానా గీతలున్నా, అంచుల్లో కొత్త సీలెంట్ బయటికి పొంగి కనిపించినా ఒకసారి చెయ్యి పడిందని అర్థం. అది చూశాక "విప్పినప్పుడు ఏమన్నారు?" అని అడగండి. "విప్పారా?" అని అడగొద్దు.

ఇప్పుడు అసలు విషయం. గ్యాస్కెట్ సాధారణంగా ఊరికే పోదు. రేడియేటర్ లీకో, వాటర్ పంపు పోవడమో, ఫ్యాన్ తిరగకపోవడమో, ఇంజిన్ వేడెక్కాక నీటి దారి తెరవాల్సిన థర్మోస్టాట్ మూసుకుపోయి ఇరుక్కోవడమో, ఏదో ఒకటి ముందు జరిగి ఉంటుంది. దాంతో ఇంజిన్ వేడెక్కి గ్యాస్కెట్ పోతుంది. మొదటి కారణం కనిపెట్టకుండా గ్యాస్కెట్ మారిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. ఇంకో సంగతి, గ్యాస్కెట్‌ని పాడుచేసిన వేడి దాని దగ్గరే ఆగదు. ఈ రోజుల్లో కార్లన్నిటికీ దాదాపు హెడ్ అల్యూమినియమే. కింద బ్లాకు చాలా ఇంజిన్లలో పోత ఇనుము. అల్యూమినియం వేడికి పోత ఇనుముకంటే సుమారు రెండింతలు సాగుతుంది. చుట్టూ బోల్టులు బిగించి ఉన్నప్పుడు అలా సాగితే వంగుతుంది. మామూలుగా హెడ్ అడుగు భాగంలో అనుమతించే వంపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ వరకే ఉంటుంది, అంటే తల వెంట్రుక మందమంత. అది దాటితే లేత్ షాపులో ఫేసింగ్, అంటే అడుగుని చెక్కి చదును చేసే పని, చేయించాలి.

"ఫేసింగ్ చేయిస్తే సరిపోతుందిగా" అంటారు చాలామంది. సరిపోతే సంతోషమే. కానీ వాల్వుల్ని తెరిచే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్ట్, హెడ్ పైభాగంలో తిరిగే ఇంజిన్లలో హెడ్ వంగిందంటే క్యామ్ కూర్చునే గదులు కూడా వరస తప్పినట్టే. అడుగు చదును చేసినంత మాత్రాన పైన వరస సరికాదు. అందుకే నేను హెడ్ విప్పాక రాకర్లు, వాల్వులు తీసేసి, క్యామ్ ఒక్కదాన్నే పెట్టి క్యాపులు బిగించి చేత్తో తిప్పి చూస్తాను. సాఫీగా తిరిగితే సరే. ఎక్కడైనా పట్టేస్తుంటే ఆ హెడ్ మీద ఫేసింగ్ ఖర్చు కూడా దండగే. దీనికి తోడు వాల్వ్ సీట్ల మధ్య సన్నని పగుళ్లు వస్తాయి, అవి కంటికి కనిపించవు. ప్రెషర్ టెస్ట్ చేయిస్తేనే బయటపడతాయి.

అన్నిటికంటే మోసం చేసేది పిస్టన్ చుట్టూ ఉండి సిలిండర్ గోడకి ఆనుకునే పిస్టన్ రింగులు. మరీ వేడెక్కినప్పుడు వాటి బిగువు పోతుంది. గ్యాస్కెట్ మార్చి, హెడ్ ఫేసింగ్ చేయించి బిగించాక బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, అందరూ సంతోషిస్తారు. కొన్నాళ్లకి నీలం పొగ, ఆయిల్ తాగడం మొదలవుతాయి. అప్పుడు కింద ఇంజిన్ కూడా విప్పాలి, అప్పటిదాకా పెట్టిన ఖర్చులో చాలాభాగం మళ్లీ పెట్టాలి.

కాబట్టి అమ్మే ఆయన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత ఖర్చవుతుంది?" కాదు. వేడి చూపే మీటర్ సూది ఎర్ర గీత దాటాక ఎంత దూరం నడిపారు? అది అడగండి. ఆయనే ఆపాడా, దానంతట అదే ఆగిందా? ఆగాక ఎంతసేపటికి మళ్లీ స్టార్ట్ చేశారు? వేడి మీదున్నప్పుడే చల్లటి నీళ్లు పోశారా? వెంటనే పక్కకి తీసి ఆపేసిన బండికీ, ఇంకొంచెం దూరమే కదా అని లాగించిన బండికీ చాలా తేడా ఉంటుంది. రెండోరకం బండిని నేనైతే ముట్టుకోను. "సూది మామూలుగానే ఉందండీ, ఉన్నట్టుండి ఆగిపోయింది" అన్నా నమ్మకంగా తీసుకోకండి. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీరు) పూర్తిగా కారిపోతే సెన్సర్‌ని తాకడానికి నీరు ఉండదు, సూది కిందకి దిగిపోవచ్చు కూడా. లోపల ఇంజిన్ కాలిపోతుంటే పైన మీటర్ ప్రశాంతంగా ఉంటుంది.

చూడ్డానికి వెళ్లేముందు ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ తెరిపించి రేడియేటర్ పైపు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చేముందే నడిపారు, ఎందుకో అడగండి. ఇంజిన్ చల్లగా ఉంటేనే రేడియేటర్ మూత తీయండి, వేడి మీద ఎప్పుడూ తీయొద్దు. కూలెంట్ మీద నూనె తెట్టు ఉందా? మట్టి రంగు చిక్కటి పదార్థం ఉంటే లీకు మూయడానికి ఏదో మందు పోశారనుకోండి. తర్వాత ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, తీయండి. ఆయిల్ తెల్లగా, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్ల నురగ ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే భయపడక్కర్లేదు. చిన్న చిన్న దూరాలే తిరిగే బండ్లలో తేమ వల్ల అలా చేరుతుంది. ఆయిల్లో కూలెంట్ కలిసిన ఇంజిన్‌ని నడిపి ఉంటే మాత్రం తిరిగే ఇరుసుల్ని మోసే బేరింగుల మీద ఆశ తగ్గించుకోవాలి. ఆ మిశ్రమానికి బేరింగుల్ని కాపాడే శక్తి ఉండదు.

కీ తిప్పి, స్టార్ట్ చేయకుండా, మీటర్ బోర్డు మీద ఆయిల్ దీపం, ఇంజిన్ దీపం వెలుగుతున్నాయో లేదో చూడండి. అసలు వెలగడం లేదంటే ఎవరో పీకేసి ఉండొచ్చు. ఇది చాలామంది చూడరు.

స్టార్ట్ అయ్యే బండి అయితే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి రేడియేటర్ పై పైపుని పట్టుకోండి. ఇంకా వేడెక్కకుండానే ఒకటి రెండు నిమిషాల్లో పైపు రాయిలా బిగుసుకుంటే సిలిండర్‌లో మంట తాలూకు గ్యాస్ కూలెంట్‌లోకి వెళ్తోంది. కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలొచ్చినా అదే అర్థం. దీన్ని ఖాయం చేసుకోవడానికి నీలం రంగు ద్రవం ఉండే చిన్న టెస్టర్ ఉంటుంది. రేడియేటర్ మూతి మీద పెట్టి లోపలి గాలిని ఆ ద్రవం గుండా లాగితే, మండిన గ్యాస్ ఉన్నప్పుడు నీలం కాస్తా పసుపుకి మారుతుంది. చవకైన పరికరం, మీ మెకానిక్ దగ్గర ఉండే ఉంటుంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తుంటే కూలెంట్ కాలుతోంది. చలిలో స్టార్ట్ చేసిన కొత్తలో వచ్చే ఆవిరి వేరు, అది కాసేపటికి ఆగిపోతుంది.

స్టార్ట్ అవని బండి అయితే ఇంకా జాగ్రత్త. స్పార్క్ ప్లగ్గులన్నీ తీయించి, ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ చివర ఉండే పుల్లీ బోల్టుకి పానా వేసి ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పించండి. నాలుగు దశలూ పూర్తి కావడానికి రెండు చుట్లు కావాలి. ఎక్కడా పట్టేయకుండా తిరిగితే ఆశ ఉంది. ఒక చోటికి వచ్చి ఇనుము ఇనుముకి తగిలినట్టు ఆగితే వాల్వు పిస్టన్‌ని తగులుతోందని అనుమానించాలి. అసలు కదలకపోతే ఇంజిన్ సీజ్ అయింది, అంటే లోపల పట్టేసింది, ఇక దాన్ని ఇంజిన్ లేని బండిగానే లెక్కేయండి.

కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి అదుముతోందో చూసే పరీక్ష, చేయించకుండా బయానా ఇవ్వొద్దు. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చేయాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే అన్ని అంకెలూ తక్కువే వస్తాయి, అది ఇంజిన్ తప్పు కాదు. పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా 150 నుంచి 200 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మధ్య వస్తుంది. అంకె ఎంతన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 10 నుంచి 15 శాతం దాటకూడదు. ఉదాహరణకి 175, 170, 90, 95 వచ్చాయనుకోండి. పక్కపక్కనున్న మూడు, నాలుగు సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయాయి కాబట్టి వాటి మధ్య గ్యాస్కెట్ తెగి ఉండొచ్చు. మీకు చెప్పిన కథ నిజమయ్యే అవకాశం పెరిగినట్టే. అలా కాకుండా ఒక్క సిలిండరే పడిపోతే అందులో ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె బాగా పెరిగితే రింగుల వైపు, పెరగకపోతే వాల్వుల వైపో గ్యాస్కెట్ వైపో లోపం ఉంది. అన్ని సిలిండర్లూ సమానంగా తక్కువగా ఉంటే టైమింగ్, అంటే వాల్వులకీ పిస్టన్లకీ మధ్య ఉండాల్సిన లయ, తప్పి ఉండొచ్చు, లేదా ఇంజిన్ మొత్తం అరిగిపోయి ఉండొచ్చు.

లీక్‌డౌన్ టెస్టర్ ఉన్న మెకానిక్ దొరికితే ఇంకా మంచిది. పిస్టన్‌ని పైకి తెచ్చి ప్లగ్గు రంధ్రం గుండా గాలి నింపుతారు. అది ఎక్కణ్ణుంచి పోతోందో చెవి పెట్టి వినాలి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి పోయే వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా పగులు. ఇంత సూటిగా జబ్బు చెప్పే పరీక్ష నాకు తెలిసి ఇంకోటి లేదు. ప్లగ్గులు ఎలాగూ బయటే ఉంటాయి కాబట్టి ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరా కూడా రంధ్రంలోకి దింపమనండి. పిస్టన్ తలలన్నీ మసిపట్టి నల్లగా ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే, ఆ సిలిండర్‌లోకే కూలెంట్ దిగుతోంది. సిలిండర్ గోడల మీద నిలువు గీతలు కనిపిస్తే వాటిని చెక్కి సరిచేసే బోర్ పని తప్పదు.

ఆయిల్ ఫిల్టర్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అది అబద్ధం చెప్పదు. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ కొని పట్టుకెళ్లండి, "ఆయిల్ నా ఖర్చుతో మారుస్తాను, పాతది చూడనివ్వండి" అనండి. మొత్తం బేరంతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. దించిన ఆయిల్‌ని శుభ్రమైన తెల్ల ట్రేలో పట్టి ఎండలోకి తీసుకెళ్లి మెల్లగా వంచితే, లోపల ఏదైనా రజను ఉంటే తళుక్కుమంటుంది. పాత ఫిల్టర్ డబ్బాని కోసి లోపలి కాగితం మడతల్ని విప్పి వేలితో రాయండి. నల్లటి మసి అంటుకుంటే మామూలే. వెండి రంగు పెచ్చులు, వాటిలో రాగి రంగు మెరుపు కనిపిస్తే బేరింగుల పైపూత పోయి లోపలి పొర దాకా అరిగిందన్నమాట. అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుమో ఉక్కో, అంటే క్రాంక్, క్యామ్, ఆయిల్ పంపు లాంటివి. అంటుకోకపోతే బేరింగు లోహమో, పిస్టన్ అల్యూమినియమో. ఏదైనా సరే, పెచ్చులు కనిపించిన ఇంజిన్‌ని హెడ్ పనితో సరిపెట్టడం కుదరదు.

ఆయిల్ చూడనివ్వననే మనిషి దగ్గర బండి కొనకండి, అంతే.

మీ కేసు వేడెక్కిన బండి కాబట్టి దాని గురించే ఇంత చెప్పాను. ఇలాంటి చవక బండ్లు వెతికేటప్పుడు ఇంకో మూడు నాలుగు రకాలు ఎదురవుతాయి, అవి తొందరగా చెప్పేస్తాను. టైమింగ్ బెల్టు తెగింది అంటే, అది వాల్వులూ పిస్టన్లూ ఒకే జాగాని పంచుకునే ఇంజిన్ అయితే వాల్వులు వంగి ఉంటాయి. హెడ్ విప్పి వాల్వులు మార్చాలి. తక్కువ వేగంలో తెగి, పిస్టన్ల మీద చిన్న గుర్తులు తప్ప వేరే దెబ్బ లేకపోతే ఇది బాగు చేసుకోదగ్గ నష్టమే. నిజానికి చవక బండ్లలో నాకు నచ్చే రకం ఇదే, కారణమూ తెలుసు, హద్దూ తెలుసు.

వరద నీళ్లలో ఆగిపోయింది అంటే పూర్తిగా వేరే కథ. నీటిని పిస్టన్ అదమలేదు, దాంతో పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లు కక్కించి స్టార్ట్ చేస్తే కొన్ని బండ్లు నడుస్తాయి కూడా. వంగిన రాడ్ తర్వాత ఎప్పుడో హైవే మీద విరిగి బ్లాకుని చీల్చుకుని బయటికి రావొచ్చు. పైగా నీళ్లు ఇంజిన్‌లోకే వెళ్లాయా, వైరింగులోకి, కంప్యూటర్లోకి కూడా వెళ్లాయా అన్నది నెలల తర్వాత గానీ తెలియదు. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ కింద మట్టి చూడండి, కనిపిస్తే వచ్చేయండి.

"కింద నుంచి కొంచెం సౌండ్ వస్తోంది" అన్నది నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట. పైన టిక్ టిక్ అని సన్నగా వినిపించి వేడెక్కాక తగ్గితే వాల్వుల వైపు చిన్న సమస్య కావొచ్చు. కింద నుంచి గుండెల్లో దరువు వేసినట్టు బరువుగా, యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే శబ్దం అయితే రాడ్ బేరింగ్ అనుకోండి. ఆ సిలిండర్‌కి స్పార్క్ ఇచ్చే కాయిల్ కనెక్షన్ తీసేస్తే శబ్దం తగ్గడమో మారడమో జరుగుతుంది. ఆ పరీక్ష చేసి వెంటనే ఆపేయండి, ఎక్కువసేపు నడపొద్దు. ఇలాంటి బండికి చిక్కటి ఆయిల్ పోసి శబ్దాన్ని అణిచి అమ్ముతుంటారు. బేరింగ్ పోతే క్రాంక్ గ్రైండింగ్ చేయించి 0.25 మిల్లీమీటర్ తక్కువ సైజు బేరింగులు వేయడం పాత పద్ధతి. ఇప్పటి కొన్ని ఇంజిన్లకి కంపెనీ తక్కువ సైజు బేరింగులే ఇవ్వదు, క్రాంక్ గ్రైండింగ్‌కి ఒప్పుకోదు. అలాగే అన్ని బ్లాకులూ బోర్ చేయడానికి పనికిరావు, గోడల మీద సన్నని గట్టి పూత ఉండే అల్యూమినియం బ్లాకులు మామూలు లేత్ షాపు పని కాదు. ఆ మోడల్‌కి విడిభాగాలు ఏ సైజుల్లో దొరుకుతాయో కొనకముందే కనుక్కోవాలి. టర్బో ఉన్న బండి అయితే, ముఖ్యంగా డీజిల్ అయితే, ఇంజిన్ ఖర్చు మీద టర్బో, ఇంజెక్టర్లు, ఆయిల్ కూలర్ ఖర్చు కూడా వేసుకోండి. లోహపు రజను కూలర్‌లో దాక్కుని కొత్త ఇంజిన్‌ని కూడా తినేస్తుంది.

ఇక లెక్క. ఆ కారు మంచి కండిషన్‌లో ఉంటే ధర 100 అనుకుందాం. మీకు 33కి ఇస్తున్నాడు. వాడిన ఇంజిన్ ఒకటి తెచ్చి, బిగింపు కూలీతో కలిపి 40 అవుతుందని మెకానిక్ చెప్పాడనుకుందాం. ఇది ఊరికే ఉదాహరణ, మీ అంకెలు మీరు కనుక్కోండి. 33కి 40 కలిపితే 73. ఇంకా 27 మిగిలిందనిపిస్తుంది. దాని మీద బండిని లాక్కెళ్లే ఖర్చు, కొత్త కూలెంట్, ఆయిల్, ఇంజిన్ మౌంట్లు, ఎలాగూ ఇంజిన్ కిందకి దిగింది కాబట్టి టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, వెనక ఆయిల్ సీలు, క్లచ్ వేసుకోండి. అవి ఇప్పుడు మార్చకపోతే తర్వాత అదే కూలీ మళ్లీ కట్టాలి. కూలెంట్ కాలిన పొగ పోయిన బండిలో పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్, దాని పక్కనుండే ఆక్సిజన్ సెన్సర్ కూడా పోయి ఉండొచ్చు. వీటన్నిటికీ 12 వేసినా 85. అప్పుడు నూరు పెట్టి కొనాల్సిన బండి 85కి వచ్చింది, మధ్యలో నెలో రెండు నెలలో తిరుగుడు, పైగా ఇంజిన్ మార్చిన బండిని రేపు అమ్మితే నూరు రాదు. ఇది బేరం కాదు. అదే బండి 15కో 18కో వస్తే ఆలోచించొచ్చు. నా పద్ధతి ఏంటంటే, కొనే ధర, ఇంజిన్ మార్పిడి, మిగతా పనులు అన్నీ కలిపి 70 దాటకూడదు. దాటితే నడుస్తున్న బండే కొనుక్కోమంటాను.

వాడిన ఇంజిన్ అన్నాను కదా, అది కూడా జూదమే. స్క్రాప్ యార్డులో నేల మీద పెట్టిన ఇంజిన్ నడుస్తుంటే ఎవరూ విని ఉండరు. బిగించకముందే దానికీ కంప్రెషన్ చూడాలి, ఆయిల్ పాన్ విప్పి చూడాలి, కనీసం కొన్ని వారాల వారంటీ కాగితం మీద రాయించుకోవాలి. ఇంజిన్ నంబర్ రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఉండేచోట నంబర్ మారిందని నమోదు చేయించాలి, దానికి ఆ పాత ఇంజిన్ కొన్న బిల్లు కావాలి. బిల్లు ఇవ్వలేనంటే ఆ ఇంజిన్ ఎక్కడిదో మీరే ఊహించుకోండి. ఉన్న ఇంజిన్‌నే పూర్తిగా విప్పి రింగులు, బేరింగులు, హెడ్ పని అన్నీ చేయించడం ఇంకో దారి. బాగా చేసే చెయ్యి ఉంటే నేను దాన్నే ఇష్టపడతాను. ఖర్చు ఎక్కువైనా లోపల ఏముందో తెలుస్తుంది. కాకపోతే అమ్మకానికి కాకుండా ఇంకో అయిదారేళ్లు మీరే వాడుకునే ఉద్దేశం ఉంటేనే అది కలిసొస్తుంది.

ఎవరూ గుర్తుచేయని విషయం ఒకటుంది. నడవని బండికి టెస్ట్ డ్రైవ్ ఉండదు. గేర్‌బాక్స్ మూడో గేరులో జారుతోందా, క్లచ్ అరిగిందా, ఏసీ కంప్రెసర్ పనిచేస్తోందా, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతోందా, బ్రేకు తొక్కితే వణుకుతోందా, ఇవేవీ మీకు తెలియవు. ఇంజిన్ బాగయ్యాక మొదటిసారి రోడ్డెక్కినప్పుడు గానీ బయటపడవు, అప్పటికి మీ డబ్బంతా ఇంజిన్‌లో ఉంటుంది. అందుకే ఇంజిన్ ఆగిపోకముందు బండి ఎలా నడిచిందో సర్వీసు రికార్డుల్లో వెతకండి. గేర్‌బాక్స్ ఆటోమేటిక్ అయితే దాని ఆయిల్ రంగు, కాలిన వాసన తప్పకుండా చూడండి. చాలాకాలం కదలకుండా ఉన్న బండి అయితే టైర్లు, బ్రేకులు, ట్యాంకులో పాత పెట్రోల్, ఎలకలు కొరికిన వైర్లు కూడా ఖర్చులోకే వస్తాయి. బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లని చదివే స్కానర్ పెట్టి చూసినప్పుడు కోడ్లేమీ లేవంటే అది మంచి వార్తే కానక్కర్లేదు. లోపల స్వీయ పరీక్షలు "పూర్తి కాలేదు" అని చూపిస్తుంటే ఈ మధ్యే ఎవరో చెరిపేశారని అర్థం, లేదంటే బ్యాటరీ తీసి పెట్టారు.

పత్రాల సంగతి కూడా ఓసారి చూసుకోండి. బండి మీద అప్పు మిగిలి ఉందా, ఇన్సూరెన్స్ వాళ్లు పూర్తి నష్టంగా లెక్కగట్టిన బండా అన్నది డబ్బు ఇవ్వకముందే తేలాలి.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి ఇదొక్కటే బండి కావాలంటే వదిలేయండి. నెల రోజుల పని అని చెప్పిన ఇంజిన్ నెలలో రాదు, విడిభాగం ఒకటి రాక లేత్ షాపులో ఆగిపోతుంది. వేరే బండి ఉంది, దీన్ని పెట్టుకోవడానికి జాగా ఉంది, నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు అంటే, ఆయన్ని వెంట తీసుకెళ్లండి. ఆయన రోజు కూలీ ఆయనకివ్వండి, మొహమాటపడితే పరీక్ష సగంలో ఆగిపోతుంది. అమ్మే ఆయనతో "ఇంజిన్ పోయిందనుకునే ధర చెప్తున్నాను, విప్పాక ఏం తేలినా మళ్లీ మీ దగ్గరికి రాను" అని చెప్పి, పైన చెప్పిన 70 లెక్కకి సరిపోయే అంకె దగ్గర నిలబడండి. గ్యాస్కెట్టే పోయిందని ఆయనకి అంత నమ్మకముంటే ఇంకో దారి ఉంది. హెడ్ విప్పే కూలీ మీరు భరించండి, విప్పాక కొలతలు, బోర్ గోడలు చూసి అప్పుడు ధర మాట్లాడుకుందామనండి. దీనికి ఒప్పుకున్నవాళ్లని చాలా తక్కువమందిని చూశాను, ఒప్పుకున్నవాళ్ల బండ్లు మాత్రం చాలావరకు చెప్పినట్టే ఉన్నాయి.

కంప్రెషన్ చూడనిస్తే నాలుగు సిలిండర్ల అంకెలూ వరసగా, ఆయిల్ పోయకముందువీ పోశాకవీ విడిగా రాసి పెట్టండి. డిప్‌స్టిక్ ఫోటో, తెల్ల ట్రేలో ఆయిల్ ఫోటో కూడా జత చేస్తే, హెడ్ దగ్గరే ఆగే పనో, కింద దాకా వెళ్లేదో చూసి చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.